రోకలిగారు, చినుకుగారు, మా అన్నయ్య

అన్నయ్య పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక, షామియానా కింద కుర్చీలు ఇంకా తీయకముందే, అన్నయ్య అల్లుడు ఫోన్ పట్టుకుని మా సూరి మావయ్య పక్కన చేరాడు. మంచి పిల్లాడు. పెద్దాయన పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాడని, కాస్త కాలక్షేపం కలిగిద్దామనుకున్నాడు. “తాతగారూ, మీకు బాక్సింగంటే ఇష్టమట కదండీ, ఇది చూడండి,” అని ఏదో వీడియో పెట్టాడు. కంప్యూటర్‌తో తయారుచేసిందట. వేర్వేరు కాలాల్లో ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్లుగా ఉన్న ఇద్దరిని, జీవితంలో ఎన్నడూ ఎదురుపడని ఇద్దరిని, ఒకే రింగులో నిలబెట్టి కొట్టిస్తున్నారు. నేను వెనక నుంచి తొంగిచూశాను. అందులో ఒకాయన్ని చూడగానే గుర్తుపట్టాను. రోకలిగారు. నా చిన్నప్పటి నుంచీ తెలిసిన ఆ మనిషి కదలడం నేను చూడటం అదే మొదటిసారి. మావయ్య కాసేపు చూసి, ఫోన్‌ని మెల్లగా బోర్లించి అబ్బాయి చేతిలో పెట్టేసి, “బావుంది బాబూ,” అన్నాడు. అబ్బాయి తనేం తప్పు చేశాడో తెలియక నా వైపు చూశాడు. ఏం తప్పు చేశాడో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

మాది రామచంద్రపురం. నాన్న అక్కడి హైస్కూల్లో డ్రిల్ మాస్టారు. సూరి మావయ్య మా అమ్మకి తమ్ముడు, కడియంలో మొక్కల నర్సరీ ఉంది. ఆదివారం వచ్చిందంటే పొద్దున్న బస్సుకే దిగేవాడు. ఆయన కంటే ముందు ఆయన వాసన గుమ్మంలోకి వచ్చేది. తడిమట్టి, పశువుల ఎరువు, గోనెపట్టా, వాటి మధ్య ఎక్కడో ఒక గులాబీ. వచ్చినప్పుడల్లా అక్కగారికి ఏదో ఒక అంటు మొక్క తెచ్చేవాడు. అమ్మ దాన్ని నూతి పక్కన నాటించుకుని, తమ్ముడి కోసం పనసపొట్టు కూరలో ఆవ నూరి పెట్టేది. ఆ ఘాటు ముక్కుకెక్కి నాన్న తుమ్ముతూనే మెచ్చుకునేవాడు. నాన్నకి సెలవు రోజైనా ఖాకీ నిక్కరు, మెడలో ఈల ఉండాల్సిందే. ఈలతోనే పీట మీద కూర్చుని అన్నం తినేవాడు. “ఎవర్ని పరిగెత్తిస్తారండీ, పప్పునా?” అనేది అమ్మ. ఆమె అంత మాటన్నా నవ్వేవాడే కానీ ఈల తీసేవాడు కాదు.

భోజనాలయ్యాక వెనక వసారాలో చాప వేసేవారు. తమలపాకులు, వక్కలు, సున్నం డబ్బీ, మరచెంబుతో మంచినీళ్ళు. ఊళ్ళో మిగతా వసారాల్లో ఆ వేళకి పేకాటలు నడిచేవి. మా వసారాలో బాక్సింగ్ నడిచేది. నిజం బాక్సింగ్ కాదు. నాన్న, మావయ్య ఇద్దరూ ఒక్క అసలు పోటీ కూడా చూసినవాళ్ళు కాదు. రాజమండ్రిలో పాత పుస్తకాలు తూకానికి అమ్మే కొట్టులో మావయ్య ఏరుకొచ్చిన ఇంగ్లీషు పత్రికలు, వాటిలోని ఫొటోలు, అంతే వాళ్ళ చదువు. ఆ పేర్లు ఇద్దరికీ నోరు తిరిగేవి కావు. అందుకని వాళ్ళకి మన పేర్లు పెట్టుకున్నారు. ఉన్నచోటే నిలబడి పై నుంచి దంచే పాతకాలపాయన రోకలి. కాళ్ళు ఒకచోట పెట్టకుండా తిరుగుతూ ఎడమ చేత్తో సన్నగా కొడుతూనే ఉండే కొత్తాయన చినుకు. మన గోదావరి వాళ్ళం కదా, ఎంత ముక్కులు పగలగొట్టుకునే మనుషులకైనా ‘గారు’ తగిలించకుండా ఉండలేం. రోకలిగారు, చినుకుగారు మా ఇంట్లో మేనత్తల కంటే ఎక్కువగా తెలిసిన మనుషులు.

ఆటకి కట్టుబాట్లు ఉండేవి. ఇద్దరినీ వాళ్ళ వాళ్ళ మంచి వయసులో తీసుకోవాలి. జబ్బులు, జైళ్ళు, పెళ్ళాలతో తగాదాలు లెక్కలోకి రాకూడదు. గ్లవుజులు ఒకే రకం. పదిహేను రౌండ్లు. ఆ పైన ఎవరి నోరు వాళ్ళది. నాన్న ఎప్పుడూ రోకలిగారి పక్షం, మావయ్య చినుకుగారి పక్షం.

“ఆ కాలం తిండి వేరు సూరీ. బొగ్గు గనుల్లోంచి పైకొచ్చి కొట్టుకునేవారు వాళ్ళు. మీవాడు పాలు తాగి పెరిగిన పిల్లాడు. ఒక్కటి తగిలిందంటే లేస్తాడా?”

“తగిలితే కదా బావగారూ. అయినా అంత ఒళ్ళు ఎంతసేపు మోస్తారండీ మీ రోకలిగారు? పదో రౌండుకి రొప్పుతారు. అప్పుడు మొదలెడతారు మా చినుకుగారు.”

“పదో రౌండు దాకా ఉంటేగా!”

వాదం ముదిరితే లేచి నిలబడి చేసి చూపించేవారు. నాన్న గుంజకి ఆనుకుని దంచేవాడు, మావయ్య పంచె ఎగ్గట్టి చాప చుట్టూ తిరిగేవాడు. అమ్మ కంచాలు తోమడానికి వెళ్తూ, “ఏ ఒక్కడు గెలిచినా వాడి ఇంట్లో గిన్నెలు వాడు కడగడు కదా,” అనేది. ఎంత బావుండేవారో ఆ ఇద్దరూ అలా అరుచుకుంటుంటే. దెబ్బ తగిలినా ఎవరికీ నొప్పి లేదు. పడిపోయినవాడు వచ్చే ఆదివారానికి లేచి వచ్చేవాడు.

అన్నయ్య నా కంటే నాలుగేళ్ళు పెద్ద. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మావయ్య వాణ్ణి బుల్లోడు అనేవాడు. స్కూలు స్టోరు గదిలో ఎవరూ వాడని రెండు జతల బాక్సింగ్ గ్లవుజులు బూజుపట్టి ఉంటే, నాన్న వాటికి నూనె రాసి మెత్తబరిచి, వాడికి నేర్పడం మొదలుపెట్టాడు. ఫొటోల్లో చూసిందే నేర్పాడు కానీ, వాడికి దేవుడిచ్చింది వేరే ఉంది. కంటికి కనపడని వేగం. కాకినాడలో పోటీలకి తీసుకెళ్తే, తన బరువు పిల్లలందరినీ వరసగా ఓడించి కప్పు పట్టుకొచ్చాడు. అక్కడ రిఫరీగా వచ్చిన నేవీ పెద్దాయన నాన్నని పక్కకి పిలిచి, “మాస్టారూ, అబ్బాయిని ఇలాగే ఉంచండి. ఒక్క కేజీ కూడా పెరగనివ్వకండి. ఈ బరువులో వీడు చాలా దూరం వెళ్తాడు, ఆటల కోటాలో రైల్వే ఉద్యోగం ఎక్కడికీ పోదు,” అన్నాడట. ఈ మాట నాన్నే ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు. ఆ ఆదివారం వసారాలో జరిగిన మాటలు మాత్రం నేను చెవులారా విన్నవి.

“ఇంతకీ వీడి బరువులో ప్రపంచ ఛాంపియన్ ఎవరు సూరీ?”

మావయ్య ఆలోచించాడు. “తెలీదండి.”

“చూశావా మరి!”

అంతే. అంతటితో నిర్ణయం అయిపోయింది. మా ఇంట్లో హెవీవెయిట్ కానివాడికి పేరు లేదు. అన్నేళ్ళు ఆడిన ఆటలో ఒక్కసారి కూడా ఒక చిన్న బరువు మనిషి మా వసారా ఎక్కలేదు. పేరు లేని చోట కొడుకు గెలిచి ఏం లాభం అనుకున్నాడు నాన్న. మావయ్య కూడా తలూపాడు. ఆ పెద్దాయన మాట పెడచెవిన పెట్టారు. అన్నయ్య గుంజ పక్కన కూర్చుని, “అయితే నన్ను ఎవరితో పెడతారు నాన్నా, చినుకుగారితోనా?” అని అడిగాడు. వాడి మొహంలో వెలుగు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. “ముందు నువ్వు ఒళ్ళు చెయ్యి,” అన్నాడు నాన్న. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతోంది. చచ్చిపోయిన తండ్రి మీద కోపం ఎలా తీర్చుకోవాలో ఎవరూ నేర్పరు.

ఇంక ఆ ఏడాదంతా మా ఇల్లు మినుములు వేయించే కమ్మటి వాసనే. అమ్మ బెల్లం దంచి, కాచిన నెయ్యి పోసి, గుప్పెడంత సున్నుండలు చుట్టేది. పొద్దున్నే నాటుకోడి గుడ్లు, పాల మీగడ. మధ్యాహ్నం వాడి కంచంలో రెండోసారి అన్నం వడ్డించాక మూడోసారి కూడా వడ్డించేది. మావయ్య కడియం నుంచి అరటి గెలలు మోసుకొచ్చేవాడు. కొడుకు తింటుంటే ఏ తల్లికి సంతోషం కాదు? అమ్మ జీవితంలో అంత ఆనందంగా ఉన్న ఏడాది ఇంకోటి లేదేమో. పెరిగిన బరువు చూడ్డానికి రైసుమిల్లుకి తీసుకెళ్ళి ధాన్యం బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టేవారు. మిల్లు కూలీలు కూడా పని ఆపి, “ఇంకా ఎంత తక్కువండీ మాస్టారూ?” అని అడిగేవారు. నేను మాత్రం వాడు పెరట్లో గ్లవుజులు వేసుకుని గెంతుతుంటే చూసేదాన్ని. పాదాల చప్పుడు వినిపించడం మొదలైంది. అంతకుముందు వాడు గెంతితే చప్పుడు ఉండేది కాదు.

పోటీలు విశాఖపట్నంలో. నేనూ అమ్మా ఇంట్లోనే ఉన్నాం. అక్కడేం జరిగిందో ఎవరూ నాకు కూర్చోబెట్టి చెప్పలేదు, ముక్కముక్కలుగా తెలిసింది. బరువు చూసే చోట మిగతా కుర్రాళ్ళందరూ తగ్గడం కోసం తిండి మానేసి, చెమటలు పట్టేలా పరుగులు తీస్తుంటే, మా వాళ్ళు ఒక్కళ్ళే వాణ్ణి వెనకాల నిలబెట్టి చెంబుడు మజ్జిగ తాగించారట. హెవీవెయిట్ గీత దాటడానికి అంతమాత్రం తక్కువైంది. అధికారులు నవ్వారట. దాటించారు. కానీ ఆ గీతకి పైన ఇంక హద్దంటూ ఉండదని, దాన్ని ఇప్పుడే తాకినవాడూ, దానికి ఎక్కడో పైన ఉన్నవాడూ ఒకే రింగులోకి రావచ్చని, నాన్నకీ మావయ్యకీ తెలియక కాదు. వసారాలో ఆ తేడా ఎప్పుడూ పనికి రాలేదు. అక్కడ ఎంత పెద్దవాడైనా మాటలతో అలసిపోయేవాడు.

అన్నయ్యకి ఎదురుగా వచ్చినవాడు ఓడరేవులో పనిచేసే మనిషి. తలుపంత ఉన్నాడట. మొదటి రౌండులోనే అన్నయ్య కాళ్ళు బరువెక్కాయి. ఆ సున్నుండల ఒళ్ళు వాడిది కాదు కదా, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. వాడు మావాళ్ళ వైపు చూస్తే, తాళ్ళ పక్క నుంచి మావయ్య, “ఓపిక పట్టు బుల్లోడా, అలసిపోతాడు, అలసిపోతాడు,” అని అరిచాడట. వాళ్ళు ఆడుతున్న పోటీకి ఉన్నవి మూడే రౌండ్లు. అలసిపోయే రౌండు ఆ పోటీలో లేనే లేదు. నాన్న చేతిలో తువ్వాలు ఉంది, రింగులోకి విసిరితే పోటీ ఆపేస్తారు. విసరలేదు. వాడు పడ్డాక కూడా కాసేపటి వరకు ఆ తువ్వాలు ఆయన చేతిలోనే ఉందట.

పెద్దాసుపత్రిలో చాలా రోజులున్నాడు. ఆ ఓడరేవు మనిషి పని దిగాక రోజూ వచ్చి, లోపలికి రావడానికి మొహం చెల్లక వార్డు బయట నిలబడేవాడట. అన్నయ్య ఇంటికొచ్చాడు. బతికాడు. కానీ ఎడమ చెయ్యి వణికేది. మాట వెతుక్కుని వెతుక్కుని వచ్చేది. పొద్దున్న చెప్పింది సాయంత్రానికి జారిపోయేది. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ, కోపం ఏమీ లేకుండా, తెలుసుకుందామన్నట్టు, “నాన్నా, నేను ఎన్నో రౌండులో పడ్డాను?” అని అడిగాడు. నాన్న కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచి వెళ్ళిపోయాడు. రోకలిగారి దెబ్బల్ని గంటలకొద్దీ వర్ణించిన మనిషి, చనిపోయేవరకూ ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పలేదు. వసారాలో చాప మళ్ళీ పరవలేదు. మావయ్య ఆదివారాలు వచ్చేవాడు. ఆవ పెట్టిన కూర తినేవాడు. ఇద్దరూ వానల గురించి, కాలవ నీళ్ళ గురించి మాట్లాడుకునేవారు.

రైల్వే ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్ళకి మావయ్యే వచ్చి, “బావగారూ, బుల్లోణ్ణి నాతో పంపండి,” అని అడిగి కడియం తీసుకుపోయాడు. నర్సరీలో మొక్కలకి నీళ్ళు పెట్టే పని. మొక్కలు ఎవర్నీ తొందరపెట్టవు. వాడికి అది సరిపోయింది. అక్కడ అంటు కట్టే పనికి వచ్చే వాళ్ళలో సత్యవతి ఒకామె. కొమ్మకి కొమ్మ చేర్చి నార చుట్టేటప్పుడు ఇంకొకరు మొక్కని పట్టుకోవాలి. అన్నయ్య చెయ్యి వణుకుతోందని మిగతావాళ్ళు వాణ్ణి పిలిచేవారు కారు. ఆమె పిలిచేది. వాడి చేతి మీద తన మోచెయ్యి ఆనించి, వణుకు ఆగేదాకా ఉండి, అప్పుడు చుట్టేది. వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకుంటామన్నప్పుడు ఊళ్ళో కొందరు మూతి తిప్పారు. నాన్న అక్షింతలు వేసేటప్పుడు చేతులు రెండూ ఆమె తల మీద చాలాసేపు ఉంచేశాడు.

వదిన చేతుల్లో వాడు ఒక జీవితమంతా బతికాడు. కూతురు పుట్టింది, చదివింది, పెళ్ళయింది. నేను వెళ్ళినప్పుడల్లా వదిన వాడి చొక్కా గుండీలు పెడుతూనో, వాడు సగంలో వదిలేసిన మాట అందిస్తూనో కనపడేది. చివరి నాలుగైదేళ్ళూ వాడికి మేమెవరమో గుర్తులేదు. నన్ను చూసి, “ఏ ఊరండీ?” అని మర్యాదగా అడిగేవాడు. “రామచంద్రపురం అండీ,” అనేదాన్ని. “మా నాన్నగారు అక్కడే డ్రిల్ మాస్టారండీ, తెలుసా?” అనేవాడు. తెలుసనేదాన్ని. బస్సెక్కాక ఏడ్చేదాన్ని. వదిన్ని మాత్రం చివరిదాకా మరిచిపోలేదు. పేరు మరిచిపోయాడు కానీ, చెయ్యి వణికితే ఆమె వైపే చాపేవాడు.

మా వయసు వాళ్ళు ఆ రోజులే వేరంటారు. నేను అనను. ఇప్పుడు పిల్లలకి కోచ్‌లున్నారు. ఏం తినాలో చెప్పేవాళ్ళున్నారు. ఒక దెబ్బ గట్టిగా తగిలితే కంట్లోకి లైటు వేసి చూసి ఆపేసే డాక్టర్లున్నారు. మాకు ప్రేమ తప్ప ఏమీ లేదు. అదీ గిన్నెలకొద్దీ వండి పెట్టే ప్రేమ. ఏ కాలం మంచిదని ఎవరైనా అడిగితే, మా అన్నయ్య బరువు అన్నయ్యకి ఉంచేసే కాలమేదో అదే మంచిదంటాను. అయినా ఇప్పటి పిల్లలు ఫోన్లో పెట్టుకుని చూసే పోటీ కంటే, పంచె ఎగ్గట్టి చాప చుట్టూ తిరిగిన మా మావయ్య పోటీయే నాకు కళ్ళ ముందు ఉంది. వసారాలో ఆ సంతోషమూ నిజమే, అన్నయ్యకి జరిగిందీ నిజమే. ఒకదాన్ని ఇంకొకటి చెరపలేకపోవడమే నా బాధ.

ఆ పెద్దకర్మ నాడు, అల్లుడు ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాక, మావయ్య నా వైపు తిరిగాడు. వదిన గోడకి ఆనుకుని కింద చాప మీద కూర్చుని ఉంది. ఆమె కునుకు తీస్తోందనుకున్నాడేమో.

“బుజ్జమ్మా, మన బుల్లోడు తన బరువులోనే దిగాడనుకో.”

గొంతు తగ్గించి, వసారాలో చెప్పినట్టే, రౌండు తరవాత రౌండు చెప్పుకుంటూ పోయాడు. వాడు సన్నగా ఉన్నాడు. పాదాల చప్పుడు లేదు. ఎదుటివాడి చెయ్యి వచ్చేలోపు వీడు అక్కడ లేడు. మావయ్య ఎడమ చెయ్యి ఒళ్ళోంచి లేచి గాల్లో సన్నగా కదులుతోంది. ఏ దెబ్బ ఎక్కడ తగిలిందో, ఏ మూల నుంచి ఏ మూలకి జరిగాడో, ఎక్కడా తడుముకోలేదు. ఇది అప్పటికప్పుడు పుట్టిన పోటీ కాదని నాకు అర్థమైంది. వాడు పడ్డ రోజు నుంచీ ఈయన లోపల ఇది జరుగుతూనే ఉంది. రిఫరీ వాడి చెయ్యి పైకెత్తాడు. రైల్వే వాళ్ళు కబురు పెట్టారు. సికింద్రాబాద్‌లో క్వార్టర్సు ఇచ్చారు. బావగారు రైలెక్కించడానికి వచ్చారు, మెడలో ఈల కూడా ఉంది.

“బాబాయిగారూ,” అంది వదిన. మావయ్య ఆమెకి వరసకి బాబాయి. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. “అలా గెలిస్తే, ఆయన కడియం వచ్చేవారాండీ?”

మావయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“రారు కదండీ,” వదినే చెప్పింది. గొంతులో నిష్ఠూరం లేదు. “ఆ గెలిచినాయన ఎవరో నాకు తెలీదండీ. మీకు బాధ అని తెలుసు. కానీ ఓడిపోయినాయన్నే నాకు ఉంచెయ్యండి బాబాయిగారూ.”

అన్నయ్య పోయాక నాకు అప్పటిదాకా ఏడుపు రాలేదు. శ్మశానం నుంచి మగవాళ్ళు తిరిగొచ్చినప్పుడు కూడా రాలేదు. మావయ్య చెయ్యి మెల్లగా దించి, ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో పట్టుకున్నాడు. “సరేనమ్మా,” అన్నాడు. ఇన్నేళ్ళుగా తన లోపల గెలిపిస్తూ వచ్చినవాణ్ణి, ఆమె కోసం, మా కళ్ళ ముందే మళ్ళీ ఓడిపోనిచ్చాడు.